పసి మెదడులో క్షయ: స్కాన్ చూపేదేంటి, చూపనిదేంటి

తల స్కాన్ రిపోర్టు నరసరావుపేటలో తీయించినా, గుంటూరులో తీయించినా ఇంగ్లిషులోనే ఉంటుంది. అందులో తల్లిదండ్రులకు అర్థమయ్యేవి పిల్లాడి పేరు, వయసు, తేదీ. మధ్యలో ఉన్నదంతా డాక్టర్ల భాష. చివర్లో మాత్రం తరచూ ఒకే తరహా వాక్యం కనిపిస్తుంది: ఇది ఫలానా జబ్బులా ఉంది, రోగి లక్షణాలతోనూ మిగతా పరీక్షలతోనూ సరిచూసుకోండి. ఇంత డబ్బు పోసి తీయిస్తే మళ్లీ సరిచూసుకోమంటాడేంటని ఇంటివాళ్లకు చిరాకు. తేల్చి చెప్పకుండా తప్పించుకుంటున్నాడని కూడా అనుకుంటారు. పిల్లల మెదడుకు సోకే టీబీ విషయంలో మాత్రం ఆ కాగితం మీద అన్నిటికన్నా విలువైన సలహా అదే. అది ఎందుకో తెలియాలంటే ఈ జబ్బు మెదడు దాకా ఎలా చేరుతుందో, అక్కడ ఏం చేస్తుందో, స్కాన్ అందులో ఎంత పట్టుకోగలదో చూడాలి.

ఊపిరితిత్తి నుంచి మెదడుకు

ఎడిన్‌బరో వైద్యుడు రాబర్ట్ విట్ రాసిన పుస్తకం ఒకటి ఆయన పోయిన రెండేళ్లకు, 1768లో అచ్చయింది. వారాల తరబడి నలతగా ఉండి, వాంతులు చేసుకుని, తలనొప్పితో ఏడ్చి, తర్వాత మత్తులోకి జారి చనిపోయిన పిల్లల గురించి ఆయన అందులో రాశాడు. ఆ తలలు తెరిచి చూస్తే లోపలి గదుల నిండా నీరు. కారణం ఆయనకు తెలియదు. టీబీ క్రిమిని కనుగొన్నట్టు రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో ప్రకటించేసరికి 1882 మార్చి 24 వచ్చింది. విట్ చెప్పిన లక్షణాల వరస మాత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు.

పిల్లలకు టీబీ ఎక్కువగా ఇంట్లో పెద్దల నుంచే అంటుతుంది. తాతయ్య దగ్గితే గాలిలో తేలిన క్రిమి మనవడి ఊపిరితిత్తుల్లో దిగుతుంది. పెద్దవాళ్లలో చాలామందికి ఒళ్లు దాన్ని అక్కడే కట్టడి చేస్తుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో, అందులోనూ రెండేళ్లు నిండనివాళ్లలో, ఆ కట్టడి బలహీనం. క్రిమి రక్తంలో కలిసి ఒళ్లంతా చేరుతుంది. కొన్ని క్రిములు మెదడు పైభాగంలో, దాన్ని కప్పిన పొరలకు ఆనుకుని దిగుతాయి. అక్కడ చిన్న గడ్డ కడుతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆర్నాల్డ్ రిచ్, హోవర్డ్ మెకార్డాక్ 1933లో తేల్చింది ఇదే. మెదడు పొరల వాపు రక్తం నుంచి నేరుగా రాదు, ఈ చిన్న గడ్డ పగిలి మెదడు చుట్టూ ఉండే నీటిలోకి క్రిములను వదిలినప్పుడు వస్తుంది. ఈ గడ్డను ఇప్పటికీ రిచ్ పేరుతోనే పిలుస్తారు.

ఇదంతా ఎప్పుడు జరుగుతుందో స్వీడన్ పిల్లల వైద్యుడు ఆర్విడ్ వాల్‌గ్రెన్ 1948లో ఒక కాలపట్టికలా చెప్పాడు. క్రిమి తొలిసారి సోకిన మొదటి ఏడాదే ప్రమాదకాలం, అందులోనూ మొదటి కొన్ని నెలలు. అంటే ఇంట్లో పెద్దవాళ్లకు టీబీ అని తేలిన రోజు నుంచి ఆ ఇంటి పసిపిల్లలకు గడియారం తిరగడం మొదలైనట్టే. 2019లో ప్రపంచం మొత్తం మీద 15 ఏళ్లలోపు పిల్లల్లో దాదాపు 24,000 మందికి మెదడు పొరల టీబీ వచ్చిందని, వాళ్లలో 16,000 మందికి పైగా చనిపోయారని పరిశోధకుల అంచనా. చనిపోయినవాళ్లలో ఎక్కువమందికి అసలు జబ్బేంటో తేలనే లేదు, చికిత్స అందనే లేదు.

మొదటి రెండు వారాలు

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. మిరప, పత్తి ఇక్కడి ప్రధాన పంటలు. మిరప కోతలకు కర్నూలు పశ్చిమ ప్రాంతం నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలే పిల్లాపాపలతో వలస వస్తాయి. పొలం పక్కనే పట్టాలు కప్పుకుని పదిమంది ఒక్క చోట పడుకుంటారు. అక్కడ ఎవరైనా నెల రోజులుగా దగ్గుతుంటే మిరప ఘాటేలే అని సర్దుకోవడం తేలిక. ఆ దగ్గు పక్కన పడుకున్న మూడేళ్ల పిల్లకు జ్వరం వస్తే రెండింటినీ కలిపి చూసేవాళ్లు ఉండరు. స్థిరంగా ఊళ్లోనే ఉండే ఇళ్లలోనూ పరిస్థితి అంత తేడాగా ఏమీ ఉండదు.

ఈ జబ్బు మొదటి లక్షణాలు మోసం చేస్తాయి. సన్నగా జ్వరం. అన్నం వద్దంటుంది. వీధిలో పరుగులు తీసే పిల్ల మూల కూర్చుని చీటికీమాటికీ ఏడుస్తుంది. పొద్దున లేవగానే వాంతి. బరువు తగ్గుతుంది. ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే జ్వరం మందు, ఒక యాంటీబయాటిక్ ఇస్తాడు. తగ్గకపోతే టైఫాయిడ్ పరీక్ష. ఈలోగా దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం. ఇవేవీ మూర్ఖత్వం కాదు. పది రకాల జ్వరాలు మొదటి వారంలో ఇలాగే ఉంటాయి. తేడా ఒక్కటే: మామూలు జ్వరం వారంలో ఏదో ఒక దారి పడుతుంది, ఇది మాత్రం అలాగే సాగుతూ రోజురోజుకూ పిల్లను మత్తులోకి లాగుతుంది. మెల్లకన్ను పడినప్పుడో, మెడ బిగిసినప్పుడో, ఫిట్స్ వచ్చినప్పుడో ఇంట్లో గాభరా మొదలవుతుంది. అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

ఎంత ఆలస్యమో కొలవడానికి వైద్యులకు ఒక పాత కొలమానం ఉంది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1948లో స్ట్రెప్టోమైసిన్ మందును ఈ జబ్బు మీద పరీక్షించినప్పుడు రోగులను మూడు దశలుగా విడదీసింది. పిల్ల తెలివిగా ఉండి నరాల లోపం ఏమీ లేకపోతే మొదటి దశ. మగతగా ఉన్నా, మెల్లకన్నో ఓ పక్క పడిపోవడమో ఉన్నా రెండోది. పిలిచినా గిల్లినా సరిగా పలకకపోతే మూడోది. ఏ దశలో మందు మొదలైందన్నదాని మీదే మిగతా జీవితం ఆధారపడి ఉంటుంది. చికిత్స పొందిన పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2014లో లెక్క కట్టారు. దాదాపు 19 శాతం మంది చనిపోయారు. బతికినవాళ్లలో సగానికి పైగా పిల్లలకు చూపో, నడకో, తెలివో, ఏదో ఒక లోపం మిగిలింది. మందు దొరికిన పిల్లల సంగతే ఇది.

తల తెరవకుండా లోపలికి చూడటం

స్కాన్ లేని రోజుల్లో పుర్రె ఎక్స్‌రేలో ఎముక కనిపించేది, మెదడు కనిపించేది కాదు. వెన్నులోంచి గాలి ఎక్కించి, మెదడు గదుల ఆకారాన్ని ఎక్స్‌రేలో పట్టుకునే పద్ధతి ఒకటి ఉండేది. రోగికి అది నరకం. టీబీ మెదడుకు ఏం చేస్తుందన్న జ్ఞానంలో ఎక్కువ భాగం శవపరీక్షల నుంచే వచ్చింది. మన దేశంలో 1960ల్లో ముంబయిలో డి.కె. దస్తూర్, పి.ఎం. ఉదాని చనిపోయిన పిల్లల మెదళ్లను పరిశీలించి ఈ రంగానికి పునాది వేశారు.

1971 అక్టోబరు 1న లండన్ శివార్లలోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి తలను సీటీ యంత్రం చిత్రించింది. దాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఈఎంఐ కంపెనీలో ఇంజినీరు. గణితంతో అదే దారిలో నడిచిన ఆలన్ కార్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. యంత్రం చేసే పని ఇది: తల చుట్టూ తిరుగుతూ అన్ని వైపుల నుంచీ ఎక్స్‌ కిరణాలు పంపుతుంది, అవతల ఎంత తగ్గి బయటికొచ్చాయో కొలుస్తుంది, ఆ వేల కొలతల నుంచి లోపల ప్రతి బిందువు దగ్గర కణజాలం ఎంత చిక్కగా ఉందో లెక్క గడుతుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి. ఈ కొలతకు హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. చిత్రంలో ఎముక తెల్లగా, నీరు నల్లగా, మెదడు బూడిదరంగులో పడతాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. క్షయ క్రిమి పొడవు మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులకు మించదు. ఏ స్కానూ దాన్ని చూపలేదు. స్కాన్‌లో కనిపించేది క్రిమి చేసిన నష్టం, ఆ క్రిమితో ఒళ్లు చేసిన పోరు. మరో జబ్బు కూడా అలాంటి గుర్తులే వదలవచ్చు. రేడియాలజిస్టు ‘సరిచూసుకోండి’ అని రాసేది ఇందుకే.

మూడు గుర్తులు

టీబీ మెదడు పొరల వాపు మెదడు అడుగుభాగాన్ని ఇష్టపడుతుంది. కంటి నరాలు కలిసే చోట, మెదడు కాండం చుట్టూ ఉండే సందుల్లో మామూలుగా నీరు ఉంటుంది. సీటీలో అవి నల్లగా కనిపించాలి. క్రిమి వచ్చి చేరాక అక్కడ చిక్కటి జిగురు రసి పేరుకుంటుంది. నరం ద్వారా అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కించి మళ్లీ తీస్తే ఆ సందులు తెల్లగా మెరుస్తాయి. కారణం సూటిగానే ఉంది: ఆరోగ్యంగా ఉన్న మెదడు రక్తనాళాలు ఆ మందును బయటికి కారనివ్వవు, వాచిన నాళాలు కారనిస్తాయి. కాంట్రాస్ట్ ఎక్కించకముందే ఆ సందులు నలుపు తగ్గి తెల్లబారి ఉంటే అది టీబీ వైపు మరింత గట్టిగా చూపిస్తుంది. ఇది మొదటి గుర్తు.

రెండోది తలలో నీరు చేరడం. మెదడు లోపలి గదుల్లో నీరు నిరంతరం ఊరుతుంది. పెద్దవాళ్లలో రోజుకు అర లీటరు దాకా ఊరి, మెదడు చుట్టూ తిరిగి, రక్తంలో కలిసిపోతుంది. ఏ క్షణాన చూసినా లోపల ఉండేది 150 మిల్లీలీటర్లే. సాగర్ కుడికాలువ తూము దగ్గర గుర్రపుడెక్క, పూడిక పేరుకుంటే ఏమవుతుందో పల్నాడు రైతుకు చెప్పక్కర్లేదు. పైనుంచి నీరు వస్తూనే ఉంటుంది, కిందికి పోదు, ఎగువన గట్లు తెగే దాకా వస్తుంది. మెదడు అడుగున పేరుకున్న రసి చేసే పని అదే. లోపలి గదులు ఉబ్బి, చుట్టూ ఉన్న మెదడును పుర్రెకేసి నొక్కుతాయి. పొద్దున వాంతులకు, తలనొప్పికి, మత్తుకు ఇదొక ముఖ్య కారణం. పిల్లల్లో ఈ గుర్తు పెద్దల్లో కన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

అడ్డు ఎక్కడ పడిందన్నది చికిత్సను మార్చేస్తుంది. గదుల బయట, మెదడు అడుగున అడ్డుపడితే నీటి ఒత్తిడిని తగ్గించే మందులతో చాలామందికి తగ్గిపోతుంది. గదుల నుంచి నీరు బయటికొచ్చే దారే మూసుకుపోతే ఆపరేషన్ చేసి, తలలోంచి కడుపులోకి సన్నని గొట్టం వేయాలి. పిల్లల్లో మొదటి రకమే ఎక్కువ. సీటీ చిత్రం చూసి ఈ రెండింటినీ విడదీయడం అన్నిసార్లూ సాధ్యం కాదు. గొట్టం వేయమని గానీ వద్దని గానీ డాక్టరు వెంటనే తేల్చి చెప్పకపోవడానికి ఇదొక కారణం.

మూడోది మెదడులో కొంత భాగం రక్తం అందక చచ్చుబడటం. మెదడు అడుగు నుంచి లోతుకు వెళ్లే సన్నటి రక్తనాళాలు ఆ రసిలోంచే పోవాలి. అవి వాచి మూసుకుపోతాయి. అందుకే పెద్దవాళ్లకు వచ్చే పక్షవాతంలా కాకుండా, పిల్లల్లో ఈ దెబ్బ మెదడు నడిబొడ్డున, కదలికలను నడిపించే కేంద్రాల దగ్గర పడుతుంది, చాలాసార్లు రెండు పక్కలా. అప్పుడే పడిన దెబ్బ సీటీలో కనిపించకపోవచ్చు. ఎంఆర్‌ఐలో ఒక ప్రత్యేక పద్ధతిలో తీస్తే గంటల్లోనే బయటపడుతుంది.

ఒక్కో గుర్తు విడిగా చాలా జబ్బుల్లో కనిపిస్తుంది. చీము పట్టే మెదడు పొరల వాపు (మెనింజైటిస్)లోనూ నీరు చేరుతుంది. ఒక గడ్డ అడ్డుపడినా చేరుతుంది. కానీ రెండు వారాలుగా నలతగా ఉన్న పిల్లలో ఈ మూడూ కలిసి కనిపిస్తే మరో జబ్బు గురించి ఆలోచించాల్సిన అవసరం చాలా తక్కువ.

గడ్డ కనిపించగానే టీబీ కాదు

కొందరు పిల్లల్లో పొరల వాపు లేకుండా మెదడులో గడ్డ మాత్రమే ఉంటుంది. వచ్చే లక్షణం ఫిట్స్. కాంట్రాస్ట్ ఎక్కించి సీటీ తీస్తే ఉంగరంలా మెరిసే చుక్క. మన దేశంలో ఈ చుక్కకు పెద్ద కథే ఉంది. 1980ల్లో సీటీ యంత్రాలు వ్యాపించినప్పుడు ఫిట్స్ వచ్చిన పిల్లల తలల్లో ఇలాంటి చుక్కలు కుప్పలుతెప్పలుగా కనిపించాయి. టీబీ ఎక్కువగా ఉన్న దేశం కాబట్టి అవన్నీ టీబీ గడ్డలే అనుకుని నెలల తరబడి మందులు వాడారు. చుక్కలు మాయమయ్యాయి. మందు పనిచేసిందనుకున్నారు. మందు వాడనివాళ్లలో కూడా మాయమవుతున్నాయని తర్వాత తెలిసింది.

ఈ చిక్కును విప్పినవాళ్లలో వేలూరు సీఎంసీ ఆసుపత్రి న్యూరోసర్జన్ వేదాంతం రాజశేఖర్ బృందం ముఖ్యమైంది. కాట్పాడి రైలెక్కి వైద్యానికి వెళ్లే తెలుగు కుటుంబాలకు ఆ ఆసుపత్రి కొత్తేమీ కాదు. ఆ గడ్డల్లో చాలా భాగం పంది బద్దెపురుగు గుడ్లు నీటితోనో తిండితోనో కడుపులోకి వెళ్లి, దాని పిల్ల మెదడులో చిక్కుకుని చనిపోతే ఏర్పడేవని ఆ బృందం చూపించింది. టీబీ గడ్డను, పురుగు గడ్డను వేరుచేసే లెక్కలను 1993లో ప్రచురించింది. గడ్డ 20 మిల్లీమీటర్ల లోపే ఉండి, మెదడును ఒక పక్కకు నెట్టకపోతే, పిల్లకు తలలో ఒత్తిడి, విడవని నరాల లోపం లేకపోతే అది పురుగు గడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ. దీనికి టీబీ మందులు అక్కర్లేదు. ఒక చిత్రాన్ని ఆ ప్రాంతంలో ఎక్కువగా ఉన్న జబ్బుతో ముడిపెట్టి చదివితే ఎక్కడ బోల్తా పడతామో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఎంఆర్‌ఐ వచ్చాక ఈ తేడా పట్టడం ఇంకొంత తేలికైంది. ఇందులో ఎక్స్‌ కిరణాలు ఉండవు. భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్ల బలమున్న అయస్కాంతంలో తలను ఉంచి, ఒంట్లోని నీటిలోనూ కొవ్వులోనూ ఉండే హైడ్రోజన్ పరమాణువుల నుంచి వచ్చే సంకేతాలను వింటారు. టీబీ గడ్డ మధ్యలో చచ్చిన కణజాలం గట్టిపడి ఉంటే కొన్ని చిత్రాల్లో అది నల్లగా పడుతుంది, పురుగు సంచిలోని నీరు తెల్లగా పడుతుంది. లక్నోలోని సంజయ్ గాంధీ వైద్య సంస్థలో రాకేష్ కె. గుప్తా బృందం ఇంకో మెట్టు పైకెళ్లింది. గడ్డలో ఏయే రసాయనాలు ఉన్నాయో ఎంఆర్‌ఐతోనే కొలిచి, టీబీ గడ్డలో కొవ్వుల జాడ ప్రత్యేకంగా కనిపిస్తుందని చూపించింది. క్షయ క్రిమి గోడ కొవ్వులతో నిండి ఉండటమే అందుకు కారణం.

అలాగని ప్రతి పిల్లకూ ముందే ఎంఆర్‌ఐ తీయడం సరికాదు. దానికి అరగంటో అంతకన్నా ఎక్కువసేపో పడుతుంది, యంత్రం పెద్దగా మోత పెడుతుంది, పిల్ల కదలకూడదు. అంటే చిన్నపిల్లలకు మత్తు ఇవ్వాలి. తలలో ఒత్తిడి పెరిగి ఊపిరి కూడా సరిగా ఆడని పిల్లకు మత్తు ఇవ్వడం ప్రమాదం. సీటీ కొన్ని సెకన్లలో అయిపోతుంది. తలకు తీసే ఒక సీటీలో పడే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనందరికీ ఏడాదికి వచ్చేదానికి కాస్త తక్కువ. అనవసరంగా పదేపదే తీయించకూడదు గానీ, అవసరమైనప్పుడు భయపడి మానేయాల్సినంత కాదు. మాడు ఇంకా పూడని పసికందుకైతే ఆ మెత్తటి చోట నుంచే మామూలు అల్ట్రాసౌండ్ యంత్రంతో లోపలి గదులు ఉబ్బాయో లేదో చూడొచ్చు. దీనికి మత్తు, రేడియేషన్ రెండూ అక్కర్లేదు.

అమ్మ చెప్పే రెండు మాటల విలువ

జబ్బు మొదటి దశలో సీటీ పూర్తిగా మామూలుగా ఉండొచ్చు. అప్పటికి రసి పేరుకుని ఉండదు, నీరు చేరి ఉండదు. స్కాన్ బాగుందని ఇంటికి పంపిన పిల్ల పది రోజులకు స్పృహ తప్పి వచ్చిందంటే యంత్రం తప్పు చేసిందని కాదు. మొదటి రోజున యంత్రం పట్టుకోగలిగింది ఇంకా పుట్టలేదు.

స్కాన్‌కు ఎంత బరువు ఇవ్వాలో ఒక పద్ధతి లెక్కలతో చెబుతుంది. అధ్యయనాల్లో అందరూ ఒకే కొలతలు వాడాలని అంతర్జాతీయ నిపుణులు 2010లో మార్కుల పట్టిక తయారుచేశారు. లక్షణాలకు గరిష్ఠంగా 6, వెన్ను నీటి పరీక్షకు 4, మెదడు చిత్రాలకు 6, ఒంట్లో వేరే చోట టీబీ ఉన్నట్టు ఆధారానికి 4. మొత్తం 20. స్కాన్ తీసిన పిల్లకు 12 వస్తే టీబీ అయ్యే అవకాశం బలంగా ఉన్నట్టు. స్కాన్ దొరకని చోట 10 చాలు.

పట్టికను కాస్త నింపి చూస్తే రెండు సంగతులు బయటపడతాయి. స్కాన్‌లో కనిపించాల్సినవన్నీ కనిపించినా దానికి వచ్చేది 6. అదొక్కటే ఎప్పటికీ 12కు చేరదు. ఇక రెండోది. లక్షణాలు ఐదు రోజులకు మించి ఉంటే 4 మార్కులు. గడిచిన ఏడాదిలో ఊపిరితిత్తుల టీబీ ఉన్న మనిషి దగ్గర మసలి ఉంటే 2. ఈ రెండూ కలిపితే లక్షణాలకు ఇచ్చే 6 మార్కులూ వచ్చేశాయి. ‘రెండు వారాలుగా ఇలాగే ఉందండీ, మా మామగారు టీబీ మందులు వాడుతున్నారు’ అని ఓ తల్లి చెప్పే రెండు మాటలు, లక్షల యంత్రం తెచ్చే అత్యధిక మార్కులతో సమానం. మాచర్ల ప్రభుత్వాసుపత్రిలో ఎంఆర్‌ఐ ఉందా లేదా అన్న ప్రశ్నకు ముందు, ఆ రెండు మాటలు ఆమెను ఎవరైనా అడిగారా అన్నది తేలాలి. ఇంట్లో టీబీ ఉందని చెప్పడానికి నామోషీ పడి చాలామంది దాన్ని దాస్తారు. దాచిన ఆ మాట పిల్లకు మార్కులు తగ్గిస్తుంది.

వెన్ను నీటి పరీక్ష గురించి కూడా ఓ మాట. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు చచ్చుబడతాయని పల్లెల్లో గట్టి భయం. జర్మనీ వైద్యుడు హైన్‌రిఖ్ క్వింకే 1891లో వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతిలో సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద. అక్కడ ఉన్నవి నీటిలో తేలే నరాల పోగులే. ఆ నీటిలో చక్కెర తగ్గి, ప్రొటీన్ పెరిగి, లింఫోసైట్ కణాలు ఎక్కువగా ఉంటే టీబీ అనుమానం బలపడుతుంది. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు కొన్ని గంటల్లోనే ఆ నీటిలో క్రిమి జన్యువుల కోసం వెతుకుతాయి. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఈ పరీక్ష ఉచితం. అందులో పాజిటివ్ వస్తే దాదాపు తేలినట్టే. నెగటివ్ వస్తే మాత్రం టీబీ లేదని కాదు, ఆ కొద్ది చుక్కల్లో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. ఆ నీటిలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పడుతుంది. తలలో గడ్డ ఉందనో, నీటి దారి మూసుకుపోయిందనో అనుమానముంటే వెన్ను నీరు తీయడానికి ముందు స్కాన్ చేస్తారు. అలాంటి అనుమానం లేనప్పుడు స్కాన్ కోసం రోజులు ఆగడం తప్పు.

ఇన్ని పరీక్షల మధ్య చికిత్స ఆగకూడదన్నది అసలు సూత్రం. అనుమానం బలంగా ఉంటే ఫలితాలు చేతికి రాకముందే మందులు మొదలుపెడతారు. మాచర్ల నుంచి గుంటూరుకు వంద కిలోమీటర్లు పైనే. అక్కడి ప్రభుత్వ సర్వజనాసుపత్రికో, మంగళగిరి ఎయిమ్స్‌కో పిల్లను పంపేటప్పుడు మొదట చూసిన డాక్టరు ‘టీబీ మెనింజైటిస్ అనుమానం’ అని చీటీ మీద స్పష్టంగా రాస్తే అక్కడ ఒకటి రెండు రోజులు ఆదా అవుతాయి. ఎయిమ్స్ కట్టింది ఒకప్పటి టీబీ శానిటోరియం స్థలంలోనే. ఒకనాడు ఊరికి దూరంగా, గాలి మార్పు కోసం రోగులను ఉంచిన చోట ఇప్పుడు వాళ్ల మెదడు పొరలను చూసే వైద్యం ఉంది.

మందు మొదలయ్యాక కూడా చిత్రాలు

మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, ఆ తర్వాత తగ్గించి మొత్తం ఏడాది దాకా. వీటికి తోడు వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదటి వారాల్లో. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నిక్షయ్ పోషణ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు వేసేవారు, 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది.

మందులు వాడుతున్న రెండో నెలలో తీసిన స్కాన్‌లో కొన్నిసార్లు గడ్డలు పెరిగి కనిపిస్తాయి, కొత్తవి కూడా పుడతాయి. ఇంటివాళ్లు హడలిపోతారు. మందులు పనిచేయట్లేదని మానేసి మరో ఊరు పరిగెత్తేవాళ్లున్నారు. నిజానికి చాలాసార్లు జరిగేది వేరు. క్రిములు చస్తున్నకొద్దీ వాటి శకలాల మీద ఒంట్లోని రక్షణ కణాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి, దాంతో వాపు పెరుగుతుంది. అప్పుడు మందులు మానకూడదు, స్టెరాయిడ్ సర్దుబాటు చేయాలి. మందుకు లొంగని టీబీ కాదని మాత్రం డాక్టరు నిర్ధారించుకోవాలి. ఇక్కడా అదే సంగతి: చిత్రం పాడైందని పిల్ల పరిస్థితి పాడైనట్టు కాదు. పిల్ల తింటోంది, బరువు పెరుగుతోంది, నవ్వుతోంది అంటే ఆ మాటకూ బరువుంది.

అందుకే పాత స్కాన్ ఫిల్ములు, సీడీ, మందుల చీట్లు, బరువు రాసిన కార్డు ఒకే సంచిలో భద్రం చేయాలి. రేడియాలజిస్టుకు ఒక చిత్రం కన్నా రెండు చిత్రాల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. పాతది ఇంట్లో మరిచిపోతే ఆ తేడా ఆయనకు దొరకదు.

చిత్రం దాకా రాకముందే

మెదడు దాకా చేరే ఈ భయంకర రూపం నుంచి పిల్లల్ని కాపాడేది పుట్టగానే వేసే బీసీజీ టీకా. మన దేశంలో 1948లో ఈ టీకా మొదలైనప్పుడు చిత్తూరు సీమలోని మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం అందులో ముందువరసలో నిలిచింది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఈ టీకా ఆపదని చెంగల్పట్టులో జరిగిన భారీ పరిశీలన తర్వాత తేల్చింది. పసిపిల్లల మెదడు టీబీని మాత్రం చాలావరకు ఆపుతుంది, మొత్తం కాదు. భుజం మీద మచ్చ ఉంది కదా అని అనుమానాన్ని కొట్టిపారేయకూడదు.

రెండో కాపలా అంతకన్నా దగ్గర్లోనే ఉంది. ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల టీబీ తేలితే, ఆ ఇంటి ఐదేళ్లలోపు పిల్లలను పరీక్షించి, జబ్బు లేదని తేలినవాళ్లకు నివారణ మందులు ఇవ్వాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. ఐసోనియాజిడ్ బిళ్లలు ఆరు నెలలు వాడటం ఇందులో పాత పద్ధతి. ఖరీదు తక్కువ, దొరకడం తేలిక. ఆచరణలో ఇది తరచూ జారిపోయేది ఆ పిల్లలు ఎవరో ఎవరూ రాసుకోకపోవడం వల్ల. తాతయ్యకు మందుల డబ్బా ఇచ్చి పంపేస్తారు, మనవరాలి పేరు అడగరు. పల్నాడులో పెద్దవాళ్లకు టీబీ తేలిన ప్రతి ఇంట్లో, వలస వచ్చి పొలం పక్కన పట్టాల కింద ఉండే కుటుంబాలతో సహా, చిన్నపిల్లల పేర్లు అదే రోజు ఆశా కార్యకర్త పుస్తకంలోకి ఎక్కితే, ఇప్పటిదాకా చెప్పుకున్న చిత్రాల్లో చాలావాటిని ఎవరూ తీయాల్సిన పని ఉండదు.